రేగడికీ తారుకీ ఒకే టైరు

బావ జీపు టైర్లు అరిగిపోయాయని మా గల్లీలో అందరికీ తెలుసు. మధ్యలో గాడులు పూర్తిగా మాసిపోయి, చేయి పెడితే పలక మీద పెట్టినట్టు నున్నగా ఉండేవి. అతని భార్య, మా చెల్లెలికి, ఏడో నెల నడుస్తోందని కూడా అందరికీ తెలుసు. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని మాకు అర్థమైంది మాత్రం ఆ జూన్‌లో, కరోనా రెండో అల కొంచెం తగ్గి సూరత్ మీదికి మొదటి మబ్బులు వచ్చినప్పుడు.

కరీంనగర్ పల్లెల నుంచి ఇక్కడి మరమగ్గాల మీదికి వచ్చిన మా కుటుంబాల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఆడపిల్లను అత్తింటి నుంచి తీసుకుపోయే పని అన్నగారిది. సరి నెలల్లో గడప దాటించరు. ఐదో నెలలో తీసుకుపోదామనుకున్నాం, కానీ అది ఏప్రిల్. అప్పుడు ఆస్పత్రుల ముందు అంబులెన్సులు వరుసగా నిలబడి ఉండేవి, బయటికి పోయి వచ్చినవాళ్ల చేతులు చూసి భయపడే రోజులు. ఇక ఏడో నెల మిగిలింది. ఎనిమిది సరి నెల. తొమ్మిదో నెలలో అంత దూరం కదిలించొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది.

ఇక్కడే కాన్పు చేయిద్దామంటే చెల్లెలు ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఆమె పేరు రాయించుకున్న ఆస్పత్రిని కరోనా రోగులకు ఇచ్చేశారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే ఒక ఆమె అదే నెలల కడుపుతో జ్వరం వచ్చి ఆస్పత్రికి పోయింది, తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి చెల్లెలు కిటికీ దగ్గర కూర్చోవడం కూడా మానేసింది. రైళ్లు నడుస్తున్నాయి, కానీ మనిషి మీద మనిషి పడి పోతున్నారు. గర్భిణులకు టీకా వేయడం అప్పటికింకా మొదలుకాలేదు. మిగిలింది బావ జీపు.

బావ కుర్రతనంలోనే మగ్గాల మీదికి వచ్చి, పదేళ్లకు పైగా నడిపి విసిగి, ఈ పాత జీపు కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండి. హజీరా వైపు సముద్రపు పాయల దగ్గర పని జరిగే చోట్లకు మనుషుల్ని దింపుతాడు. అక్కడ కూడా బురదే కాబట్టి ఎలాగూ టైర్లు మార్చాలి. ఆ మాట మీద మేం ఇద్దరం మాట్లాడుకుంటుండగా ఊరి నుంచి అమ్మ ఫోను చేసింది.

"వాగు మీద వంతెన కూలగొట్టి కొత్తది కడుతున్నరు బిడ్డా. పక్కపొంటి చేన్లల్లకెళ్లి తొవ్వ ఏసిండ్రు. అంతా నల్ల రేగడి. వాన పడ్డదంటే ట్రాక్టరు తప్ప ఏదీ వస్తలేదు. ఎట్ల తెస్తరో ఏమో, జర సోచాయించుకొని రండ్రి."

అంటే తొమ్మిది వందల కిలోమీటర్ల తారు రోడ్డు, చివర వాగు దగ్గర ఒక ముక్క నల్ల బురద. రెండింటికీ ఒకే టైరు కావాలి.

"మడ్ టైర్లు ఏస్తం బావా," అన్నాడు బావ. మేం ఇద్దరం ఒకరినొకరం బావ అనే పిలుచుకుంటాం. "పెద్దయి. అరచెయ్యంత అరచెయ్యంత దిమ్మెలుంటయి. ఎంత బురదైనా చీరుకుంట పోతది."

"మరి తారు రోడ్డు మీద?"

"రోడ్డు మీద ఏదన్న నడుస్తది. రోడ్డు మీద ఎద్దుబండి నడుస్తలేదా?"

నాకు ఆ జవాబు చాలలేదు. ఏ విషయమైనా చదవకుండా నమ్మడం నాకు చేతకాదు. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా సూరత్ మునిసిపల్ గ్రంథాలయంలోనే. మొదట్లో అక్కడికి ఫ్యాను కోసం పోయేవాణ్ని. మగ్గాల షెడ్డులో పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడికి ఆ కుర్చీ, ఆ గాలి చాలు. తర్వాత బొమ్మలున్న హిందీ పుస్తకాలు, ఆ తర్వాత బొమ్మలు లేనివి, దినపత్రికల దయ వల్ల గుజరాతీ అక్షరాలు. నూలు గురించి, నక్షత్రాల గురించి, కాలేయం గురించి, బావులు తవ్వడం గురించి దొరికినదల్లా చదివాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మా షెడ్డులో ఎవరికైనా కాగితం వస్తే ముందు నా దగ్గరికే తెచ్చేవారు.

ఆ జూన్‌లో గ్రంథాలయం లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. కిటికీ ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. ఒక గుండ్రంలో నిలబడి, ఏం పుస్తకం కావాలో అరిచి చెప్పాలి. లోపలి ఉద్యోగి మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుని ఉన్నాడు. నేను టైర్ల గురించి కావాలంటే నా ముఖం వైపు ఒకసారి చూసి, మోటారు మెకానిక్కు చదివే పిల్లల హిందీ పుస్తకం ఒకటి ఊచల మధ్య నుంచి అందించాడు. అట్ట ఊడిపోయింది. శానిటైజరు వాసన వస్తోంది.

ఆ పుస్తకంలో టైర్ల అధ్యాయం రెండుసార్లు చదివాను. బురద టైరుకు దిమ్మెలు దూరం దూరంగా ఉంటాయి. మట్టి ఆ సందుల్లోకి దూరి, చక్రం తిరిగేటప్పుడు బయటికి చిమ్ముతుంది. అందుకే అది బురదను పట్టుకుంటుంది. కానీ అదే టైరు తారు మీదికి వస్తే నేలకు ఆనే రబ్బరు తక్కువ. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతుంది. దిమ్మెలు ఒక్కొక్కటిగా తారును కొట్టడం వల్ల పెద్ద హోరు పుడుతుంది. రోడ్డు టైరుకు దిమ్మెలు దగ్గరగా ఉండి, ఒక్కో దిమ్మె మీద సన్నని చీలికలు ఉంటాయి. వాన నీరు ఆ చీలికల్లోకి పోయి రబ్బరు నేలను తాకుతుంది. ఈ రెండింటికీ మధ్యలో మూడో రకం ఉంది. దిమ్మెలు పెద్దవే, కానీ ఒకదానిలో ఒకటి చొచ్చుకున్నట్టు ఉంటాయి, వాటి మీద చీలికలూ ఉంటాయి. దాన్ని దుకాణాల్లో ఏ.టీ. అంటారట. అన్ని నేలల టైరు అన్నమాట.

ఇంకో సంగతి చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. టైరు లోపల ఉండేది బట్ట. గట్టి దారాల పడుగు దగ్గర దగ్గరగా పెట్టి, పేక మాత్రం పడుగు చెదరకుండా ఎక్కడో ఒకటి వేసి నేస్తారు. దాని మీద రబ్బరు ఎక్కిస్తారు. ఇన్నేళ్లు పడుగూ పేకా చూసినవాణ్ని, నేను ఎక్కే బస్సు కింద తిరిగేది కూడా నేతే అని నాకు తెలియదు. మరునాడు మా షెడ్డులో అందరికంటే పెద్దవాడైన కాకాకు చెప్పాను.

"టైరు గూడ బట్టేనా?" అన్నాడు కాకా.

"బట్టే కాకా. పైన రబ్బరు పూత."

"మరి పేక గంత పల్చగ ఏస్తే మన శేఠ్ ఒప్పుకుంటడా? బట్ట తాన్లకు తాన్లు వాపస్ కొడ్తడు."

కడోదరా చౌరస్తా దాటాక జాతీయ రహదారి పక్కన టైర్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. ఆదివారం బావ, నేను, కాకా పోయాం. లాక్‌డౌన్ తర్వాత సరుకు సరిగా రావడం లేదు. మేం పోయిన దుకాణంలో ఆ జీపుకు పట్టే పెద్ద టైర్లలో మడ్ టైర్ల సెట్టు ఒకటి ఎదురుగా నిలబెట్టి ఉంది. బావ వాటి మీద చేయి వేసి నిలబడ్డాడు. గుర్రం కొనేవాడిలా ఉన్నాడు. దుకాణదారు హిందీలో చెప్పాడు, హజీరా డ్రైవర్లంతా వానాకాలానికి ఇవే తీసుకుపోతున్నారు, రేపు అడిగితే ఉండవు.

"ఇవి రోడ్డు మీద హోరు పెడ్తయట," అన్నాను.

"ఎవలు చెప్పిన్రు?"

"పుస్తకంల ఉన్నది. ఏ.టీ. అని మూడో రకం ఉన్నదట, అది చూద్దాం."

"పుస్తకాన్ని జీపుల కూసోబెడ్తమా ఏంది?" అన్నాడు బావ. కోపం లేదు, కానీ ఆ వారం రోజులుగా అతనికి నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. "నీ చెల్లె వాగుల దిగబడితే నీ పుస్తకం గుంజుతదా? ట్రయల్ ఏద్దాం. హోరు వస్తే వద్దు. రాకుంటే ఇవే."

అది న్యాయమే అనిపించింది. చదివింది పరీక్షకు నిలబడాలని నేనే ఎప్పుడూ అంటాను. టైర్లు బిగించారు. నలభై, అరవై, డెబ్బై వేగంలో బార్డోలీ వైపు పోయి వచ్చాం. ముగ్గురం చెవులు పెట్టి విన్నాం. మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాస్కు గడ్డం కిందికి లాగి మాట్లాడుకున్నాం. ఇంజిను చప్పుడు, గాలి, అంతే.

"ఆవాజ్ ఉన్నదా కాకా?" అన్నాడు బావ.

"ఏం లేదు. సల్లగ పోతున్నది. నాకైతే నిద్ర వస్తున్నది."

నాకూ ఏమీ వినిపించలేదు. పుస్తకం పాతది, టైర్లు మారి ఉంటాయి అనుకున్నాను. ఒప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత ప్రయాణానికి ముందు ఒకసారి చూపించుకోవడానికి చెల్లెలిని డాక్టరమ్మ దగ్గరికి అదే జీపులో తీసుకుపోయాం. చెల్లెలు సూరత్‌లోనే పెరిగింది. షెడ్డులో ఎప్పుడూ పని చేయలేదు, ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేది. గల్లీ దాటి పెద్ద రోడ్డు ఎక్కాక ఆమె ముందు సీటు పట్టుకుంది. కాసేపటికి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది.

"ఏమైంది?" అన్నాను వెనక్కి తిరిగి.

ఆమె ఏదో అంది. మాస్కు ఉంది. నాకు అర్థం కాలేదు. మాస్కు తీసి మళ్లీ చెప్పింది.

"ఇంత ఆవాజ్‌ల మీరు ఎట్ల కూసుంటున్నరు అన్నా? మగ్గాల నడుమ కూసున్నట్టున్నది. మాథా ఫిరాయిస్తున్నది, తలకాయ తిరుగుతున్నది."

బావ, నేను ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. మాకు వినిపిస్తున్నది ఇంజిను మాత్రమే.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ హోరు మగ్గాల హోరే. ఏళ్ల తరబడి మా చెవులు దాన్ని వదిలేయడం నేర్చుకున్నాయి. షెడ్డులో మేం మాటలు వినం, పెదవులు చూస్తాం. కరోనా వచ్చి అందరూ మాస్కులు కట్టుకున్నాక మేం ముగ్గురం ప్రతి మాటకూ వాటిని కిందికి లాగేది ఎందుకో అంతవరకు ఆలోచించలేదు. టైరు హోరు పరీక్షించడానికి మగ్గాలవాళ్లం ముగ్గురం పోయి, ఏమీ లేదని తీర్పు చెప్పి వచ్చాం.

డాక్టరమ్మ అంతా బాగుందంది. రెండు గంటలకోసారి బండి ఆపి నడిపించమంది, కుదుపులు తగలనివ్వొద్దంది. బయటికి వచ్చేసరికి ఆ ఏడాది మొదటి పెద్ద వాన పడుతోంది. రోడ్డు మీద ఎండాకాలమంతా పేరుకున్న నూనె తేలి, తారు రంగులు రంగులుగా మెరుస్తోంది. బావ మెల్లగానే నడుపుతున్నాడు. ముందు రంగు వేయని గ్రే బట్ట తాన్లు నింపుకున్న టెంపో పోతోంది. ఏ కారణమో తెలియదు, అది ఉన్నట్టుండి ఆగింది.

బావ బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి, జీపు ఆగలేదు. సబ్బు మీద జారినట్టు నేరుగా పోతోంది. టెంపో వెనక తలుపు మీద రాసిన అక్షరాలు పెద్దవి అవుతున్నాయి. చెల్లెలు అరవలేదు. రెండు చేతులతో కడుపు చుట్టేసుకుని ముందుకు వంగింది. బావ స్టీరింగు ఎడమకు కోసేశాడు. జీపు తారు దిగి పక్కనున్న మట్టిలో పడ్డాక టైర్లు కరుచుకున్నాయి, ఆగిపోయింది. టెంపోకు మా అద్దం ఒకటి తగిలి మడుచుకుంది.

బావ కిందికి వంగి చక్రాలు చూశాడు. తర్వాత బావ అన్నాడు, "చూసినవా, మట్టిల ఎట్ల పట్టిందో."

"మట్టిలనే ఇల్లు కట్టుకుందాం మరి," అంది చెల్లెలు. "నేను ఈ బండిల రాను. ట్రైన్‌ల రాను. ఈడ దవాఖానకు గూడ పోను."

"మరి యేడికి పోతవ్?"

"అదే సమజ్ అయితలేదు."

ఇంటికి వచ్చాక ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. కడుపు గట్టిపడుతోందని, కాసేపటికి వదులవుతోందని చెప్పింది. బావ బయట మెట్టు మీద కూర్చున్నాడు. ఏడో నెల ముగియడానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. నేను అతని పక్కన కూర్చుని, పుస్తకంలో ఉంది కదా అనలేదు. అనాలని నాలుక కొస దాకా వచ్చింది. అతనే అన్నాడు.

"ఆ మూడో రకం అన్నవ్ కదా. అది చూద్దాం. కానీ వాగుల ఆగిపోతే ఎవలు జిమ్మేదారి?"

"నేనే."

"నువ్వు జిమ్మేదారి అంటే ఏమైతది బావా? నువ్వు ఎత్తుకొని దాటిస్తవా?"

నేను లేచి లోపలికి పోయి చెల్లెలికి నీళ్లు ఇచ్చి వచ్చాను.

మరునాడు చెల్లెలిని కూడా కడోదరా తీసుకుపోయాం, ఆటోలో. ఆమె రానంది మొదట. నువ్వు వినకపోతే మాకు తెలియదు అని చెప్పి ఒప్పించాను. బావ జీపు నడుపుకుంటూ వెనక వచ్చాడు. దుకాణదారు నవ్వాడు, మీ జీపు చౌరస్తా దగ్గర ఉండగానే ఆ హోరుకు మీరు వస్తున్నారని తెలిసింది అన్నాడు. మడ్ టైర్లు వాపసు తీసుకోవడానికి కొంత గొణిగాడు కానీ, బయట హజీరా డ్రైవరు ఒకడు వాటి మీద కన్నేసి నిలబడే ఉన్నాడు.

ఏ.టీ. రకం రెండు సైజుల్లో ఉంది. బావ పెద్దదే కావాలన్నాడు. బండి ఎంత ఎత్తులో ఉంటే వాగులో అంత మంచిదని అతని లెక్క. అది నిజమే. పెద్ద చక్రం వేస్తే స్పీడు ముల్లు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుందని, బ్రేకులకు పని ఎక్కువవుతుందని నేను చదివింది కూడా నిజమే. వేసి చూద్దామన్నాం. ఈసారి నేను చెవులు పెట్టలేదు. చెల్లెలి ముఖం చూస్తూ కూర్చున్నాను.

రోడ్డు మీద ఆమె తల ఊపింది. "ఉన్నది ఆవాజ్, కానీ సన్నగ. చల్తా హై." తర్వాత బావ దుకాణం ముందు బండి తిప్పుతుంటే చేయి ఎత్తింది. "ఆగు. ఇంకోసారి తిప్పు. చీర అంచు చింపినట్టు వస్తున్నది. ఈ పక్క."

నేను వాన నీళ్లలో మోకాళ్ల మీద వంగి చూశాను. స్టీరింగు చివరిదాకా తిప్పితే టైరు భుజం లోపలి రేకుకు రాసుకుంటోంది. అప్పటికే రబ్బరు మీద తెల్లటి గీత పడింది. బరువు ఎక్కి, గుంతలో పడితే ఇంకా గట్టిగా కోస్తుంది. చిన్న సైజు వేయక తప్పదు.

చిన్న సైజులో మూడే ఉన్నాయి. నాలుగోది వేరే నమూనాది ఇస్తానన్నాడు దుకాణదారు. నాలుగు చక్రాలకూ బలం పోయే బండికి వేరే వేరే టైర్లు వేస్తే లోపలి గేర్ల పళ్లు అరిగిపోతాయని నేను ఒప్పుకోలేదు. తన ఇంకో గోదాము నుంచి తెప్పించాడు. దాని పక్కగోడ మీద తయారైన వారం, సంవత్సరం అంకెలు చూసి, పాతది కాదని తేల్చుకుని, అప్పుడు బిగించనిచ్చాను. దుకాణదారు బావతో అన్నాడు, చెల్లెలికి నిన్ను చూసినప్పుడు కూడా మీ బావ ఇన్ని ప్రశ్నలు అడిగి ఉండడు అని. బావ ఆ రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

గురువారం తెల్లవారుతుండగా బయలుదేరాం. బావ, నేను, వెనక సీట్లో దిండ్ల మధ్య చెల్లెలు. బార్డోలీ, సోన్‌గఢ్ దాటి, నవాపూర్ దగ్గర సరిహద్దులో కరోనా పరీక్ష రిపోర్టులు చూపించాం. పోలీసు లోపలికి తొంగి చూసి, చెల్లెలిని చూసి, చేత్తోనే పొమ్మన్నాడు. ధూలే దాటాక వాన మొదలైంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు నా చేతులు రెండూ డాష్‌బోర్డు మీదే ఉన్నాయి. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా మేకల మంద. బావ బ్రేకు వేశాడు. బండి ఒకసారి వణికి, పట్టుకుని, మేకలకు చాలా ముందే ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే చెల్లెలు నిద్రపోతోంది.

జాల్నా దగ్గర ఒక లాడ్జిలో పడుకుని, మరునాడు చీకటితోనే బయలుదేరి నాందేడ్ మీదుగా మధ్యాహ్నం వాలేసరికి మా వాగు దగ్గరికి చేరుకున్నాం. అమ్మ చెప్పిందానికంటే ఘోరంగా ఉంది. వంతెన మొండి దిమ్మెలు ఎత్తుగా నిలబడి ఉన్నాయి. పక్కన చేల మీదుగా వేసిన దారి నల్లగా, తడిగా, ట్రాక్టరు చక్రాలు చేసిన లోతైన గాడులతో ఉంది. వాగులో నీళ్లు మోకాలి లోతే. కానీ ఎగువన మబ్బు పట్టి ఉంది. అక్కడ బర్రెలు కాస్తున్న మనిషి చెప్పాడు, ట్రాక్టరు పొద్దున పక్క ఊరికి పోయింది, పొద్దుగూకితే గాని రాదు, అప్పటికి ఈ వాగు దాటేటట్టు ఉండదు.

"నడుస్తనా?" అంది చెల్లెలు.

బావ దిగి నాలుగడుగులు వేశాడు. రెండో అడుగుకే చెప్పు మట్టిలో ఉండిపోయింది, అతను చేయి నేలకు ఆనించి నిలదొక్కుకున్నాడు. ఆమెను ఆ మట్టిలో నడిపించడమనే ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

జీపు దించాడు. సగం దూరం బాగానే పోయింది. తర్వాత టైర్లు నిండిపోవడం నేను కిందికి వంగి చూస్తున్నాను. రేగడి దిమ్మెల సందుల్లోకి దూరి, బయటికి రాకుండా, టైరంతా ఒక నల్లటి నున్నటి ముద్ద అయిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి పక్కకు జారుతోంది. వాగు వైపు జారి ఆగింది.

"మడ్ టైర్లయితే," అన్నాడు బావ స్టీరింగు మీద నుంచి చేతులు తీయకుండా. "మడ్ టైర్లయితే దాటేది."

అది అబద్ధం కాదు. ఆ టైర్లు ఇక్కడ మట్టిని చిమ్మి పోయేవి. నేను ఎంచుకున్నవి నిండిపోయాయి. నేను దిగాను. పుస్తకంలో ఉన్న ఇంకో మాట, మెత్తటి నేల మీద గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని ఎక్కువ నేలను పట్టుకుంటుంది. కానీ ఎంత తగ్గించాలో నల్ల రేగడి గురించి అందులో రాయలేదు. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది. ఒక్కో చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పుల్లతో వాల్వు నొక్కి, పక్కగోడ ఉబ్బడం చూస్తూ, వేళ్లతో నొక్కి చూస్తూ, ఇంక చాలనిపించిన చోట ఆపాను. నాలుగో చక్రం దగ్గరికి వచ్చేసరికి మెడ మీద చినుకులు పడుతున్నాయి.

"ఎనుకకు పో ముందు, మనం వచ్చిన గాడిలనే," అన్నాను. "గట్టి నేల దొరికినంక రెండో గేరుల ఒకటే తీరుగ రా. నడుమ ఆగొద్దు, క్లచ్ తొక్కొద్దు. నేను ముందట నడుస్త."

"తొవ్వ నీకెట్ల కనవడ్తది?"

"కాళ్లకు కనవడ్తది."

చెప్పులు విడిచి ముందు నడిచాను. పాదం దిగబడ్డ చోట ఎడమకు, రాయి తగిలిన చోట నేరుగా. వాగు చప్పుడు, ఇంజిను చప్పుడు కలిసిపోయి, బావకు నా మాట వినపడే అవకాశం లేదు. షెడ్డులో మగ్గానికీ మగ్గానికీ మధ్య చేసే చేతి సైగలే చేశాను. అరచేయి పైకి లేపితే పోనీ. వేలు వంచితే మెల్లగా. పిడికిలి బిగిస్తే దారం తెగింది, ఆపు. పిడికిలి బిగించే అవసరం రాకూడదని ఒక్కటే కోరుకున్నాను. నీళ్లలోకి దిగినప్పుడు వెనక్కి చూశాను. అద్దం వెనక చెల్లెలి ముఖం తెల్లగా ఉంది, రెండు చేతులూ పైనున్న కడ్డీ పట్టుకున్నాయి. జీపు ఒకసారి ఎడమకు ఒరిగింది, కింద రాయి ఏదో గట్టిగా తగిలి ఎత్తి వేసింది. బావ గేరు వదల్లేదు. టైర్లు నీళ్లలో కడుక్కుపోయి మళ్లీ దిమ్మెలు బయటపడ్డాయి. అవతలి ఒడ్డు ఎక్కేటప్పుడు వెనక చక్రాలు కొంచెంసేపు గింజుకుని పట్టుకున్నాయి.

ఒడ్డు మీద జీపు నిలబడ్డాక బావ ఇంజిను ఆపి దిగాడు. నా దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేశాడు. ఏదో అనబోయాడు. అప్పుడు లోపలి నుంచి చెల్లెలు పిలిచింది.

"అన్నా. కదుల్తలేదు."

"ఏంది?"

"లోపట. పొద్దట్నుంచి తంతున్నది. ఆ రాయి తగిలినప్పట్నుంచి కదుల్తలేదు."

బావ చేయి నా భుజం మీద నుంచి జారింది. నేను చదివిన పుస్తకాల్లో గర్భం గురించినవీ ఉన్నాయి, కానీ ఆ నిమిషంలో ఒక్క వాక్యం కూడా గుర్తుకు రాలేదు. ఎదురుగా ఊరి వైపు నుంచి అమ్మ పరుగెత్తుకొస్తోంది. జీపుకు కొంచెం దూరంలో ఆగిపోయింది. ఊళ్లో కట్టుబాటు ఉంది, బయటి నుంచి వచ్చినవాళ్లను మొదట బడిలో ఉంచాలి, ఎవరూ తాకకూడదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. బావ విషయం చెప్పాడు.

"ఎడమ దిక్కు తిప్పి పండవెట్టుండ్రి," అంది అమ్మ అక్కడి నుంచే. "ఏమన్న తియ్యగ తాపుండ్రి. తాపి ఊకె ఉండుండ్రి. మాట్లాడియ్యకుండ్రి."

దిండ్లు సర్ది పడుకోబెట్టాం. నీళ్ల సీసాలో చక్కెర కలిపి తాగించాం. బావ తలుపు మూసి పక్కన నిలబడ్డాడు. నేను చక్రం దగ్గర కూర్చున్నాను. వాన నిలిచింది. బర్రెల మనిషి అవతలి ఒడ్డు మీద అలాగే చూస్తున్నాడు. వాగు చప్పుడు పెరుగుతోందో లేదో నా చెవులకు తెలియడం లేదు. బావ తలుపు మీద నుంచి చేయి తీయడం లేదు, లోపలికి చూడటం లేదు. నేను పైకి చూసి ఏమైందని కళ్లతో అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఇగో," అంది చెల్లెలు లోపలి నుంచి. ఇంకాసేపు ఆగి, "ఇగో, మళ్ల. తన్నింది."

ఆ మాట బావకు వినపడింది, నాకు వినపడలేదు. అతని ముఖం చూసి తెలుసుకున్నాను. అంత దూరంలో ఉన్న అమ్మకు ఎలా తెలిసిందో గానీ, ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు వదిలేసి, ఊరి కట్టుబాటు సంగతి మరిచిపోయి, వచ్చి జీపు తలుపు తీసింది.